మావయ్య కట్టిన కమానులు

మా మావయ్య కుదురుగా ఒక చోట కూర్చున్నాడని ఎవరైనా చెబితే నేను నమ్మను. అంతకన్నా నమ్మరానిది, మా ఊరి కాంక్రీటు కమానుల వంతెన గురించి ఆయన చెప్పే చరిత్ర. వంతెన మీద కాలు పడగానే ఆయన నోరు తెరుచుకుంటుంది. అవతలి ఒడ్డు చేరేదాకా మూతపడదు. పైగా ఒకసారి చెప్పిన చరిత్ర మళ్లీ చెప్పడు.

సోమవారం ఆ వంతెన కట్టించింది ఈత రాని ఇంజనీరు. మంగళవారానికి ఆ ఇంజనీరు గల్లంతై, కవలలిద్దరు దిగారు. చెరో ఒడ్డు నుంచి కట్టుకుంటూ వచ్చి, నడిమి కమాను ఎవరిదని తగువుపడి, చచ్చేదాకా మాట్లాడుకోలేదట. బుధవారం, కాంక్రీటు గట్టిపడటానికి మేస్త్రీ దానికి జోల పాడాడు. నిన్న కవలలన్నావు కదా అని నిలదీస్తే, అది నిన్నటి సంగతి అనేవాడు, అడుగు ఆపకుండానే.

ఆయన ఎదురైతే మా ఊరి మంగలి కూడా, చెప్పు తెగిందని వంక పెట్టి వెనక్కి తిరిగేవాడు. పారిపోని శ్రోత మా అత్తయ్య ఒక్కతే. ఆవిడ అవతలి ఒడ్డున కుట్టు బడిలో పంతులమ్మ. రోజూ పొద్దున దింపేదీ, సాయంత్రం తీసుకొచ్చేదీ మావయ్యే. దారంతా ఆయన వాగుడు, ఆవిడ ఊఁ కొట్టడం.

నేను బళ్లో చరిత్ర చెబుతాను. మున్సిపాలిటీవాళ్లు వంతెన దగ్గర బోర్డు పెడతాం, అసలు చరిత్ర రాసివ్వమన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లకు ఈ కోతలకు అడ్డుకట్ట పడుతుందనుకున్నాను.

సంగతి తెలిసి మావయ్య కాలుకాలిన పిల్లిలా మా వసారాలో తిరగడం మొదలుపెట్టాడు. కాఫీ ఇస్తే నడుస్తూనే తాగి, గ్లాసు కిటికీలో పెట్టి, మరో చుట్టు తిరిగొచ్చి ఆ ఖాళీ గ్లాసునే మళ్లీ ఎత్తాడు.

"రాయకురా అల్లుడూ."

"నిజం రాస్తే నీకేంటి నష్టం?"

"నిజం ఒక్కటే ఉంటుందిరా. రేపేం చెప్పను?"

గొప్పలు చెప్పుకోవడానికి వీలుండదని బెంగ కాబోలనుకుని నేను మెత్తబడలేదు.

మర్నాడు అత్తయ్య ఆయన్ని దారపు ఉండల కోసం బజారుకు తోలి, బడిదాకా నన్ను తోడు రమ్మంది. వంతెన నడిమధ్య ఆగి అసలు సంగతి చెప్పింది. పెళ్లయిన కొత్తలో వంతెనెక్కితే ఆవిడకు కళ్లు తిరిగి కాళ్లు వణికేవట. వచ్చిన ఉద్యోగం వదులుకుంటానంటే మావయ్య ఒప్పుకోలేదు. నా మొహం చూస్తూ నడు, కిందికి చూడకు అని ఏదో కథ ఎత్తుకున్నాడట.

"రెండో రోజూ అదే చెప్పారు. తెలిసిన కథే కదా అని నా చూపు నీళ్ల మీదికి పోయింది, అక్కడే కూలబడ్డాను. అప్పట్నుంచీ రోజుకో కొత్త కథ, నాన్నా."

నాకు సిగ్గేసింది. తలెత్తి చూద్దును కదా, అత్తయ్య పిట్టగోడ మీదికి వంగి నీళ్లను తాపీగా చూస్తోంది.

"మరి ఇప్పుడు భయం లేదా?"

"అది పోయి ఎన్నేళ్లయిందో. మీ మావయ్యకు చెప్పకు. చెబితే నాకు కథలుండవు."

బోర్డుకు వంతెన కట్టిన సంవత్సరం ఒక్కటే రాసిచ్చాను. బోర్డు పెట్టిన రోజు మావయ్య దాని చుట్టూ తిరిగి తిరిగి చదివి, అదీ తప్పేనని తేల్చి, అత్తయ్య చెయ్యి పట్టుకుని వంతెనెక్కాడు. ఆవిడ బుద్ధిగా ఆయన మొహమే చూస్తూ నడిచింది.