చచ్చే చోటే విత్తిన మేడమ్

శనగల మేడమ్ పోయారని పొద్దున్నే ఫోన్ వచ్చింది. కల్లూరులో కూతురింట్లో, నిద్రలోనే పోయారట. ఆమె నాకు చుట్టమూ కాదు, మా ఊరి మనిషీ కాదు. అయినా ఏడుపు ఆగలేదు.

పప్పుశనగలో కొత్త రకాలు తీసే శాస్త్రవేత్త ఆమె. మొదటిసారి ఆలూరు పక్కన మా పల్లెకు వచ్చేటప్పటికే ఎండు తెగులుతో మా పంట వరసగా పోతోంది. ఇంటికి తాళం వేసి, పిల్లలను వెంటేసుకుని గుంటూరు పక్కకు మిరపకాయలు కోసే సుగ్గికి, కూలి వలసకు, పోవడమే మా బతుకైంది. అయినా పెద్ద మనిషి వచ్చిందని మా మామ పరువుకు పోయి, పక్కవాళ్ల పచ్చటి చేను మాదేనని చూపించాడు!

"శానా బాగుండాదప్పా. ఇంగ మీ చేను సూపిచ్చు" అన్నారామె. నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను.

"శనగ యాడ ఎక్కువ సస్తాందో ఆడే నాకు రోంత జాగా ఇయ్యప్పా. ఆడ ఏస్తేనే ఏది బతుకుతాదో తెలుస్తాది."

"తెలిసి తెలిసి ఇత్తనం మన్నుపాలు చేస్తారామ్మా?" అని మామ గొణిగాడు.

ఏవేవో రకాలు తెచ్చి విత్తారు. సాళ్లకు సాళ్లు వాడిపోయాయి. ఆ ఎండు మొక్కల మధ్య ఒకటి నిలబడి కనిపిస్తే చాలు, పుల్లటి ఆకొకటి తుంచి నోట్లో వేసుకుని, మనవరాలు పుట్టినంత సంబరపడేవారు.

"మందు కొడితే వచ్చిన బలం కాదు పాపా, దీనికి పుట్టుకతోనే వచ్చింది. కాపే తక్కువ. బాగా కాసేదాంతో పెండ్లి చేస్తా."

"ముహూర్తం ఎప్పుడు మేడమ్?"

"పొద్దున్నే, పువ్వు ఇచ్చుకోకముందే!"

ఆ పెళ్లి ఫలించేసరికి ఏళ్లు పట్టింది. అందాకా మాకు సుగ్గి తప్పలేదు. కొత్త విత్తనం వేసిన ఏడాది మా ఇంటికి తాళం పడలేదు, పిల్లల బడి ఆగలేదు. మామ గుప్పెడు శనగలు ఆమె చేతిలో పోసి, "ఇవి మా చేనివేనమ్మా" అన్నాడు. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

"సంబరపడి కూసోవద్దండి. ఈ తెగులు తెచ్చే బూజు గూడా ఊరికే ఉండదు, కొత్త ఎత్తులు నేరుస్తాది" అన్నారు ఆ రోజే. ఈ ఏడు చేను మూలన ఆ రకం కూడా వాడుతోంది. వేరు చీల్చి చూస్తే లోపల నల్లటి చార. ఆదివారం రమ్మని ఆమెకు చెప్పి ఉన్నాను.

ఫోన్ పెట్టేసి ఆ మూలకే నడిచాను. వాడిన మొక్కల నడుమ ఒకటి నిటారుగా, మంచుకు తడిసి, పూత మీద ఉంది.

"మేడమ్, ఈడొకటి బతికిండాది" అన్నాను, పైకే.