ఆమెన్ అనేదాకా తొక్కిన బ్రేకు

నా చిన్నప్పుడు మా నాన్నమ్మ ఎవరినీ ఒక పట్టాన నమ్మేది కాదు. పాలలో నీళ్లు, తూకంలో మోసం, చుట్టాల పలకరింపులో అవసరం ఆమెకు ఆమడ దూరం నుంచే కనబడేవి. అనుమానం పెనుభూతం అంటారు గానీ, మా ఇంట్లో అది మాతోపాటే కూర్చుని అన్నం తినేది. ఆమె పెంపకంలో నేనూ పదకొండేళ్లకే గట్టి అనుమానపు మనిషిని అయ్యాను.

మాది శృంగవరపుకోట దగ్గర పల్లె. మా నాన్నకు ఒక పాత పికప్ వ్యాను ఉండేది. వారానికోసారి ఘాట్ రోడ్డు ఎక్కి, కొండమీది సంతలో చింతపండు బస్తాలు వేసుకుని దిగేవాడు. ఒక వారం, సంత మూడు రోజులుందనగా, బ్రేకు మెత్తబడింది. పెడల్ తొక్కితే తడి దూది మీద కాలేసినట్టు లోపలికి పోయేది. వెంటనే రెండోసారి తొక్కితే మాత్రం గట్టిపడేది. రెండుసార్లు తొక్కితే సరిపోతుందిలే అని నాన్న తేలిగ్గా తీసుకున్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. ఈసారి తిరుగు ప్రయాణంలో కొండమీద ఉంటున్న మా పిన్నినీ, రెండు నెలల పసిబిడ్డనూ తీసుకురావాలి.

శృంగవరపుకోటలో అప్పుడే కొత్తగా షెడ్డు పెట్టిన మేస్త్రి ఒకాయన ఉన్నాడు. బాప్టిస్టు చర్చికి వెళ్లే మనిషి, మాట నెమ్మది. ఆ నెమ్మదే మా నాన్నమ్మకు నచ్చలేదు. నన్ను పక్కకు పిలిచి, "మంచి సామాన్లు ఇప్పీసి పాతవి ఎట్టీగలడు. నువ్వెల్లి అక్కడే కూకో. ఆడి సేతులకేసే సూడు" అని పంపింది. నాన్న నన్ను షెడ్డులో దింపి పొలం పనికి వెళ్లిపోయాడు.

నేను కళ్లలో వత్తులు వేసుకుని కూర్చున్నాను. ఆయన నాలుగు చక్రాల దగ్గరా దూరి, గొట్టాలన్నీ తడిమి, వేళ్లు వాసన చూసుకున్నాడు. ఎక్కడా బ్రేకు ఆయిలు కారలేదు. గొట్టాల్లో గాలి చేరిందన్నాడు. చక్రం దగ్గర చిన్న నట్టుకు ఒక సన్న పైపు తగిలించి, రెండో కొసను ఆయిలు పోసిన సీసాలో ముంచి, నన్ను సీటెక్కించాడు. తొక్కమంటే తొక్కాలి, పట్టుకోమంటే పట్టుకోవాలి, ఆయన నట్టు బిగించాకే వదలాలి. నా కళ్లు తప్పించడానికే ఈ ఎత్తు వేశాడని నాకు అర్థమైపోయింది. ఒక కాలు పెడల్ మీద పెట్టి, తల కిటికీలోంచి బయటపెట్టి చూస్తూనే ఉన్నాను. సీసాలో బుడగలు వచ్చాయి. బుడగలు చూపించి మోసం చేయడం ఏమంత కష్టమనుకున్నాను.

సాయంత్రం నాన్న వచ్చి ఒక్కసారి తొక్కి చూశాడు. రాయిలా ఉంది. సంతోషంగా తాళం కోసం చెయ్యి చాపాడు. మేస్త్రి ఇవ్వలేదు.

"ఒక్క ప్రార్థన సేసుకుందాం బాబూ. పాపా, నువ్వు మెల్లగా తొక్కి పట్టుకో. ఆమెన్ అనీవరకూ కాలు తియ్యకు."

నాన్న ముఖం మాడిపోయింది. "ప్రార్థనకి బ్రేకులు పడతాయేటి?" అని గొణిగాడు. నాకూ అదే అనిపించింది. పని రానివాడు దేవుణ్ణి అడ్డుపెట్టుకుంటున్నాడనుకున్నాను. ఆయన నింపాదిగా పరలోక ప్రార్థన మొదలుపెట్టాడు. విచిత్రమేమిటంటే ఆయన కళ్లు మూసుకోలేదు, నా పాదం వైపే చూస్తున్నాడు. సగం దాకా పెడల్ కదలలేదు. తర్వాత నా కాలి కింద అది మెల్లగా, చప్పుడు లేకుండా దిగడం మొదలుపెట్టింది. ఆమెన్ అనేసరికి పెడల్‌తోపాటు నా చెప్పు బండి అడుగు రేకుకు తగిలింది. కింద నేలమీద ఒక్క చుక్క ఆయిలు లేదు.

"గాలి ఒక్కటే కాదు బాబూ. పెడల్ తొక్కితే ఆయిలు తోసీ మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు అరిగిపోనాది. ఆయిలు లోపల్లోపలే ఎనక్కి జారిపోతన్నాది. సటుక్కున తొక్కితే పట్టుకుంటాది. ఘాట్‌లో కాలెత్తకుండా తొక్కుకొని దిగుతారు సూడండి, అక్కడ వదిలేస్తాది."

నాన్న ఎక్కి కూర్చుని తనే తొక్కి పట్టుకున్నాడు. పెడల్ దిగింది. దిగాక కూడా చాలాసేపు కాలు తీయలేదు. పసిబిడ్డను ఎక్కించుకుని ఆ మలుపులు దిగేవాడే కదా.

మర్నాడు మేస్త్రి విజయనగరం నుంచి కొత్త రబ్బర్లు తెచ్చి వేసి, మళ్లీ గాలి తీసి, మళ్లీ ప్రార్థన చేశాడు. ఈసారి నాన్న చేతులు కట్టుకుని నిలబడి విన్నాడు. నా కాలి కింద పెడల్ వెంట్రుకవాసి కదలలేదు. అంచు చిరిగి ఉబ్బిన పాత రబ్బరును మేస్త్రి నా చేతిలో పెట్టి, మీ నాన్నమ్మకు చూపించమన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. నేను కాపలాకి వచ్చానని తెలిసి కూడా సీటు మీద నన్నెందుకు కూర్చోబెట్టావని అడిగాను.

"తెలిసే కూకోబెట్టాను పాపా. నమ్మినోలు సగంలోనే కాలు తీసేస్తారు."

మా నాన్నమ్మ ఆ రబ్బరును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మన బండిదేనని ఏటి నమ్మకం?" అంది.

పిన్నీ బిడ్డా క్షేమంగా దిగారు. దిగే ముందు కొండ అంచున నాన్న బండి ఆపి, ఎదురుగా చూస్తూ పెదాలు కదిపాడట. బావ మతంలో కలిసిపోయాడేమోనని పిన్నికి చాన్నాళ్లు అనుమానం. నాన్న ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. బతికినన్నాళ్లూ ఘాట్ దిగే ముందు అలాగే ఆగి, బ్రేకు తొక్కి పట్టుకునేవాడు.

ఇప్పుడు మా అమ్మాయి కారు కొంది. ఏదైనా పాడైతే ఎదురుగా ఎర్రదీపం వెలుగుతుందమ్మా అని నవ్వుతుంది. వెలగనీ, నువ్వు తొక్కి పట్టుకో అంటాను. మనుషుల మీద అనుమానం నాకు ఆ షెడ్డులోనే చాలావరకు పోయింది. ఒక్క తొక్కుకే గట్టిగా తగిలి, బాగానే ఉన్నానని చెప్పే వాటి మీదే మిగిలింది. ఆ ప్రార్థనలో మాటలు నాకిప్పటికీ పూర్తిగా రావు. దాని పొడవు మాత్రం నా కుడికాలికి తెలుసు.