సుత్తి వద్దన్న భద్రమ్మ వదిన

మా అన్న రామనర్సయ్యకు లోకంలో రెండే నమ్మకాలుండేవి. ఇనుము దెబ్బకు లొంగుతుంది, పెళ్లాం మాటకు లొంగుతుంది. భద్రమ్మ వదినను చేసుకున్న మొదటి వారంలోనే రెండోది పోయింది. మొదటిది పోవడానికి మాత్రం ఈ వేసవి దాకా పట్టింది. భోపాల్‌పట్నంలో వాళ్ల జీపుల షెడ్డును ఆనుకునే నా బజ్జీల బండి ఉంది కాబట్టి చాలావరకు కళ్లారా చూశాను. చూడనిది వదిన చెప్పింది. మా అన్న చెప్పింది ఇందులో ఒక్క ముక్క కూడా లేదు. ఆయన పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు.

వదిన కమ్మరింటి పిల్ల. వాళ్ల నాన్న కొడవళ్లు, గొడ్డళ్లు, బాణాల ములుకులు చేసేవాడు. చిన్నప్పుడంతా కొలిమి దగ్గర కూర్చుని తిత్తి లాగింది. ఇనుము ఎర్రగా ఉన్నంతసేపే సుత్తి, చల్లారాక దానితో మర్యాదగా ఉండాలి అని ఆయన చెప్పేవాడట. అలాంటి పిల్ల, చల్లటి ఇనుమును పొద్దస్తమానం బాదే మా అన్న షెడ్డుకు కోడలై వచ్చింది. మొదట్లో టీ తెచ్చిచ్చేది. తర్వాత అడిగిన పానా అందించేది. ఆ తర్వాత అడగకముందే అందించేది. ఇప్పుడు ఇంజను కింద ఆమె ఉంటుంది, పానాలు మా అన్న అందిస్తాడు.

ఆమె గోడ మీద ప్రతి పనిముట్టుకూ మేకు కొట్టింది. దాని ఆకారం సున్నంతో గీసింది. ఒక పానా లేకపోతే గోడ మీద దాని తెల్లటి గీత ఖాళీగా కనబడుతుంది, ఇక షెడ్డులో ఉన్నవాళ్లకు మూడినట్టే. ఒకసారి మా అన్న పెద్ద పానాతో కొబ్బరికాయ కొట్టాడు. ఆ పూట ఆయనకు అన్నం నా బండి దగ్గరే. వదిన గిరాకీలతో గోండీలో మాట్లాడుతుంది, సామాన్ల దుకాణాల్లో హిందీలో బేరమాడుతుంది, తిట్టాల్సి వస్తే మాత్రం తెలుగే.

ఇక కమ్లీ సంగతి. కమ్లీ దొర్ల తెగ పిల్ల, పక్క ఊరే. తన జీపు తనే నడుపుతుంది. చింతపండు మూటలు, తునికాకు కట్టలు, కోళ్లు, బడి పిల్లలు, ఆసుపత్రికి పోయే ముసలివాళ్లు, అందరూ ఆ జీపులోనే. ఆమె చెల్లెలు రీనాకు పెళ్లి కుదిరింది. వాళ్లలో పెళ్లి పిల్లవాడింట్లో జరుగుతుంది. పిల్లను ఊళ్లోని ఆడవాళ్లంతా పాటలు పాడుకుంటూ తీసుకెళ్లి అప్పగించి రావాలి. సంబంధం ఖాయమైన రోజే కమ్లీ మా షెడ్డు ముందు బండి ఆపి అరిచి మరీ చెప్పింది.

"అక్కా, మా రీనాను నా జీపుల నేనే తీస్కపోత. పిలగానోళ్ల ట్రాక్టరు వద్దు, ఎవ్వరి బండీ వద్దు. నేనే నడిపి, నేనే దింపి వస్త."

అంతా బాగానే ఉంది, ఒక్క జీపు తప్ప. ముందు చక్రం దగ్గర గుంతగుంతకూ మూలుగుతోంది, స్టీరింగ్ ఎడమకు లాగుతోంది. చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనుప చెయ్యి ఒకటుంటుంది. ఆ చెయ్యి బండికి కలిసే చోట, చిన్న ఇనుప గొట్టంలో రబ్బరు దిమ్మ పెట్టి బిగిస్తారు. దాన్నే బుష్ అంటారు. అది మన మోకాలి చిప్ప కింది గుజ్జు లాంటిది. అది అరిగితే బండి కుంటుతుంది. కమ్లీ జీపుకు శివరాత్రి ముందే మా అన్న కొత్తవి వేశాడు. ఎండలు ముదిరేలోపే పోయాయి.

పెళ్లి ఎల్లుండి అనగా మా అన్న ఆ చెయ్యిని ఊడదీసి, పాత బుష్‌లు తీయడానికి ఉలీ సుత్తీ అందుకున్నాడు. ఒకటి ముక్కలై వచ్చింది. దాని స్థానంలో కొత్తది పెట్టి, పైన ఇనుప గొట్టం ముక్క ఆనించి కొట్టాడు. బుష్ పక్కకు ఒరిగింది. ఇంకా కొట్టాడు. కొత్త బుష్ అంచు తమలపాకులా మడతపడింది. ఊళ్లో సామాన్ల దుకాణంలో ఇక మిగిలింది ఒక్క జతే. కమ్లీ నా బండి పక్కన బల్ల మీద కూర్చుని ఆ మడతపడ్డ బుష్‌నే చూస్తోంది. బజ్జీ చల్లారిపోయింది. నా బజ్జీ చల్లారితే నాకు ఒళ్లు మండుతుంది, కానీ ఆ పిల్ల మొహం చూసి నోరు మూసుకున్నాను.

"ట్రాక్టరుకు చెప్పుకో కమ్లీ," అన్నాడు మా అన్న, చూపు నేలకేసి. "ఇనుము మొండిది."

"ఇనుము కాదు మొండిది," అంది వదిన. సుత్తి ఆయన చేతిలోంచి తీసుకుని గోడ మీద దాని గీతలో పెట్టింది. "గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? దీనికి మర తిప్పి లాగే పుల్లర్ కావాలె. మంచిది కావాలె. రేపు పొద్దుగాల బస్సుకు జగదల్‌పూర్ పోత."

"పుల్లర్ అంటే ఏందో చూడకుండ కొంటే..."

"చూసే కొంట. చెయ్యిని కూడా తీస్కపోత."

అన్నట్టే ఆ ఇనుప చెయ్యిని, మడతపడ్డ బుష్‌ను గోనెసంచిలో కట్టి బస్సెక్కింది. దారిలో కండక్టరు సంచిని కాలితో కదిపి, "ఏందమ్మా, మేక తొడనా?" అని అడిగాడట. "కాదు నాయనా, జీపు చెయ్యి. వైద్యానికి తీస్కపోతున్న," అందట వదిన. ఇక బీజాపూర్ దాకా బస్సులో అందరూ ఆ రోగిని పరామర్శిస్తూనే ఉన్నారు. గీదం దగ్గర ఒక ముసలామె సంచికి దండం కూడా పెట్టిందట.

జగదల్‌పూర్‌లో దుకాణదారు మెరిసే ఎర్ర పెట్టె తెరిచి చూపాడు. లోపల గిన్నెల్లాంటి ఇనుప కప్పులు, మరలు, తళతళలు. పండగ నాటి గాజుల పెట్టెలా ఉందని వదిన చెప్పింది. ఇంకొకరైతే అక్కడే పడిపోయేవాళ్లు. వదిన దుకాణం ముందు నేల మీద కూర్చుని, సంచి విప్పి, ఒక్కో కప్పు ఆ చెయ్యికి ఆనించి చూసింది. పుల్లర్‌లో కిటుకంతా కప్పుల్లోనే ఉంది. నెట్టే కప్పు బుష్ బయటి ఇనుప అంచు మీద మాత్రమే కూర్చోవాలి. రబ్బరును తాకితే రబ్బరు పోతుంది, చెయ్యిని తాకితే కదలనే కదలదు. అవతల పట్టే కప్పు బుష్ కంటే వెడల్పుండాలి, పాత బుష్ వచ్చి అందులో పడాలి. ఎర్ర పెట్టెలో అన్ని కప్పులూ చిన్న కార్లవి. కమ్లీ జీపుకు సరిపడేది ఒక్కటీ లేదు.

"దీదీ, అందరూ ఇదే కొంటారు," అన్నాడు దుకాణదారు.

"అందరిదీ ఈ జీపు కాదు కదా భయ్యా."

చివరికి అటక మీద దుమ్ములో ఉన్న నల్లటి మోటు పుల్లర్ దింపించింది. బొటనవేలంత లావు మర, సన్నటి మెలికలు, తిప్పేటప్పుడు తల దగ్గర రాపిడి లేకుండా బాల్ బేరింగు. మెలికలు సన్నగా ఉంటే ఎక్కువసార్లు తిప్పాలి, కానీ తక్కువ బలం చాలు. కప్పుల్లో ఒకటి సరిపోయింది, ఒకటి సరిపోలేదు. పక్క వీధిలో ఇనుము చెక్కే లేత్ మిషను దగ్గరకు పోయి, మడతపడ్డ బుష్ కొలత చూపించి, రెండోది చేయించుకుంది. సాయంత్రం బస్సు దిగేసరికి ఆమె ముక్కుపుడక దాకా ఇనుప రజను. మనిషి మాత్రం పుట్టింటి నుంచి సారె తెచ్చుకున్న కోడల్లా వెలిగిపోతోంది.

దీపాలు పెట్టే వేళకు పని మొదలైంది. కమ్లీ వాళ్లమ్మ లక్మే కూడా వచ్చి తలుపు దగ్గర కూర్చుంది. వదిన మర మెలికలకు గ్రీజు రాసి, అటొక కప్పు ఇటొక కప్పు పెట్టి, పానాతో తిప్పడం మొదలుపెట్టింది. కొంతసేపు ఏమీ కదల్లేదు. మా అన్న చూపు గోడ మీది సుత్తి మీదికి పోయింది. ఇంతలో టక్‌మని చప్పుడైంది. బుష్ జరిగింది. తిప్పినకొద్దీ మెల్లగా, చక్కగా, సాంతం వచ్చి కప్పులో పడింది. ఇన్నాళ్లూ సుత్తి దెబ్బలకు ముక్కలై రావడమే తప్ప, పోయిన బుష్‌ను ఎవరూ పూర్తిగా చూసినవాళ్లు లేరు.

వదిన దాన్ని దీపం కిందికి తెచ్చింది. రబ్బరు అరగలేదు. నీళ్లలో నానిన గారెలా ఉబ్బి మెత్తబడి ఉంది. వాసన చూసింది. మళ్లీ చూసింది.

"ఇది ఇప్పనూనె," అంది.

తలుపు దగ్గర లక్మే చీర కొంగు సర్దుకుంది. ఆ కొంగు చాటున సీసా ఒకటి ఉంది.

"రోజూ మూలుగుతాంది గదమ్మా," అంది లక్మే మెల్లగా. "నొప్పులేమోనని పొద్దుగూకంగ రాసిన. నా మోకాళ్లకు రాసుకునేదే. దానికీ ఇంత."

ముందు కమ్లీ నవ్వింది. తర్వాత నేను. కడుపులు పట్టుకుని నవ్వాం. వదిన కళ్లు తుడుచుకుంటూ లక్మే పక్కన కూర్చుని, "అవ్వా, ఇనుముకు నూనె మంచిదే. రబ్బరుకు నూనె విషం. దీనికి పడేది సబ్బునీళ్లే," అని చెప్పింది. మా అన్నకు మాత్రం కొమ్ములొచ్చాయి. "చూసినవా! నా సుత్తి తప్పు కాదు!" అన్నాడు. వదిన ఆ ఇనుప చెయ్యి రంధ్రం లోపల సుత్తి చేసిన సొట్టలు వేలితో చూపించింది. కొమ్ములు మళ్లీ లోపలికి పోయాయి. ఆ సొట్టలు గరుకు కాగితంతో ఆయనే నున్నగా రుద్దాడు, అది కూడా చెప్పాలి.

కొత్త బుష్‌కు సబ్బునీళ్లు తడిపి, పుల్లర్‌తోనే లోపలికి తిప్పింది. కొంచెం తిప్పడం, ఆగి చుట్టూ వేలితో తడమడం. ఒకచోట ఒరిగినట్టు అనిపిస్తే వెనక్కి తిప్పి మళ్లీ పెట్టడం. మిగిలిన ఒక్క జత అది. కమ్లీ ఊపిరి కూడా పొదుపుగా తీసుకుంది. రెండూ అద్దినట్టు కూర్చున్నాయి.

చెయ్యి బండికి ఎక్కింది, చక్రం ఎక్కింది. మా అన్న బోల్టులు బిగించబోతే వదిన ఆయన మణికట్టు పట్టుకుంది. "ఇప్పుడు కాదు. బండి గాల్ల ఉంది. ఇప్పుడు బిగిస్తే, కిందికి దించంగనే రబ్బరు మెలిపడ్తది. ఆ మెలితోనే రోజూ బతకాలె. నెల తిరగకముందే చినుగుతది. నేల మీద, బరువు మీద బిగియ్యాలె."

"దించినంక బిగిస్త."

"ఖాళీ జీపునా? కమ్లీ జీపు ఎన్నడన్న ఖాళీగ తిరిగిందా?"

పొద్దున పెళ్లివాళ్లు వచ్చారు. రీనా పసుపు చీరలో, చుట్టూ ఊరి ఆడవాళ్లు. వాళ్ల వెనకే పిల్లవాడి తరపున కోస అనే అతను ట్రాక్టరు తెచ్చి నిలబెట్టాడు. "జీపు కాదంటే ఎక్కుదురు," అని ఇంజను కూడా ఆపకుండా నా బండి దగ్గర బజ్జీలు తింటున్నాడు. కమ్లీ ఆ ట్రాక్టరు వైపు తల తిప్పలేదు. నేను మాత్రం తిప్పాను. అతను తినే ప్రతి బజ్జీ నాకు విషంలా అనిపించింది.

వదిన జీపును షెడ్డులోని గుంట మీదికి తెప్పించి, చక్రాలకు ఇటుకలు పెట్టించింది. గుంటలోకి దిగి కింద నుంచి కేకేసింది. "ఎక్కుండ్రి! రోజూ ఎంత మంది ఎక్కుతరో అంత మంది! మూటలు కూడ!"

అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్లెవరు అంటారు గానీ, ఆ రోజు అందరూ ఎక్కితేనే పని జరుగుతుంది. రీనా ముందు సీట్లో. వెనక ఆడవాళ్లు, ఒళ్లో పిల్లలు, గంపలు, డోలు. బరువు చాలలేదని నన్నూ లాగారు. నేను ఎక్కగానే జీపు కిర్రుమని దిగింది. కింద నుంచి వదిన "ఇగ సరిపోయింది!" అంది. నా బరువు మీద అంత బహిరంగంగా మాట ఎవరూ అనలేదు, ఆ బాకీ ఇంకా తీర్చుకోలేదు. ఊరికే కూర్చోవడం చేతకాని ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. కదలని జీపులో పెళ్లి పాట, కింద గుంటలో పానా చప్పుడు. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. పాట సగంలో ఉండగా వదిన పైకి వచ్చి, చేతులు తుడుచుకుని, "పోనియ్ కమ్లీ," అంది.

నేను దిగబోయాను. ఎవరూ దిగనివ్వలేదు. బరువు తగ్గకూడదని వదినే తోసింది, తనూ కమ్లీ వెనక సీట్లో ఇరుక్కుంది. కోస నోట్లో బజ్జీ ఉండగానే ఖాళీ ట్రాక్టరు ఎక్కి మా వెంట వచ్చాడు. నా బండిని మా అన్నకు అప్పగించాను. ఆ రోజు బజ్జీలు ఎలా వచ్చి ఉంటాయో నేను ఎవరినీ అడగలేదు.

దారంతా జీపు మూలగలేదు. గుంతల్లో దిగి, లేచి, మెత్తగా పోయింది. కమ్లీ స్టీరింగ్‌ను వేళ్ల కొసలతో పట్టుకుంది. వదిన పాడలేదు. తల ఒక పక్కకు వంచి చక్రం చప్పుడే వింటోంది. వాగు దాటాక ఆమె కూడా గొంతు కలిపింది. ఆమెకు పాట రాదు, అయినా కలిపింది. నాకు ఆ పూట ఎంత సంతోషమనిపించిందంటే, మా అన్నను కూడా తీసుకురావాల్సింది అనుకున్నాను.

పిల్లవాడి ఊరు వచ్చింది. డోళ్లతో ఎదురొచ్చారు. వెనకున్న ఆడవాళ్లంతా దిగారు. పెళ్లివారి ఆడవాళ్లు ముందు తలుపు తెరిచి రీనాకు చేతులు చాచారు. రీనా కదల్లేదు. పక్కన కమ్లీ కూడా కదల్లేదు. ఇంజను నడుస్తూనే ఉంది. కమ్లీ రెండు చేతులూ స్టీరింగ్ మీదే, చూపు ముందున్న అద్దంలోంచి బయటికి.

"బండి ఎట్లుంది కమ్లీ?" అంది వదిన వెనక నుంచి. "లాగుతాందా?"

"లాగలేదక్కా. అసలు లాగలేదు," అంది కమ్లీ. "దారి ఇంత జల్ది అయిపోయిందేందక్కా?"

ఎవరేమన్నా మాట వెనక్కి కొట్టే మా వదిన ముందుకు వంగి, కమ్లీ భుజం మీదుగా చెయ్యి చాపి, తాళంచెవి తిప్పింది. ఇంజను ఆగింది. అప్పుడు గానీ కమ్లీ స్టీరింగ్ వదిలి చెల్లెలి చెయ్యి పట్టుకోలేదు.