పాదయాత్రల ఆటో ఎక్కిన అల్లుడు

నడవనీకి పోయినోడు ఆటో ఎక్కి దొరికిపోయిండంటే నమ్ముతరా? నమ్మాలె. వాడు మీ ముందలనే కూసొని చాయ్ తాగుతుండు. అత్తగారి తరఫు చుట్టాలల్ల ఇప్పుడు నన్నెవ్వరు శామ్యూల్ అంటలేరు, ఆటో అల్లుడు అంటున్నరు.

సంగతేందంటే, మాది బొల్లారం, మేం ప్రొటెస్టెంట్లం. నా పెండ్లాం స్టెల్లా వాళ్లది తిరుమలగిరి, వాళ్లు క్యాథలిక్కులు. పెళ్లి మా చర్చిల అయింది. గంతే, మా అత్తమ్మ ఫిలోమినమ్మ మూతి ముడుచుకుంది. మాట్లాడదని కాదు, బాగనే మాట్లాడతది, నాతోటి తప్ప. నేను పక్కనే కూసొని తింటుంటె నా మీదికెళ్లి స్టెల్లాను అడుగుతది, "ఆయనకు పప్పు ఇంకా కావాల్నా?" అని. నేను సుత స్టెల్లాకే చెప్త, "జెర వెయ్యమను" అని. మూడేండ్ల సంది గిదే నడుస్తుంది.

మొన్న అత్తమ్మ మొక్కు తీర్చుకునుడు పెట్టుకుంది. ఊర్ల మీదికెళ్లి మరియతల్లి గుడి దాకా నాలుగు రోజుల నడక, అది సుత చెప్పుల్లేకుండ. వాళ్ల గుడోళ్లు ఓ ముప్పై మంది పోతున్నరు. "నేను సుత వస్తా" అన్న. స్టెల్లా నన్ను కిందికెళ్లి మీది దాకా చూసింది. "పాల ప్యాకెట్‌కి స్కూటీ తీసేటోనివి, నువ్వు నడుస్తవా?" అన్నది. నిజమే. కానీ అత్తమ్మ నోట్లకెళ్లి నా పేరు ఒక్కసారన్న వినాలని నాకు మస్తు కోరిక. నాలుగు రోజులు పక్కన నడిస్తె ఎంత కోపమైనా కరగదా అనుకున్న.

మొదటి రోజు ముందల తోపుడు బండి, దాని మీద పూలు కట్టిన మరియతల్లి, పక్కన మైకు. జపమాల షురూ అయింది. మా దాంట్ల జపమాల లేదు కదా, అందరు చెప్తుంటె ఉత్తగనే పెదాలు ఆడిస్తున్న. ఒక కాడ అందరు ఆగిన్రు, నాకు తెల్వలే. నేనొక్కణ్ణే గట్టిగ "ఆమెన్" అన్న. అత్తమ్మ వెనక్కి తిరిగి స్టెల్లాతోటి అన్నది, "ఆయనకు ఏదో తొందరున్నట్టుంది."

రెండో రోజుకు నా పని ఖతం. అరికాళ్లు ముట్టుకుంటె మంట. మధ్యాహ్నం రోడ్డు పక్కన చాయ్ తాగనీకి ఆగి, అందరిని ముందల పోనిచ్చిన. గప్పుడే టమాటల ట్రేలు ఏస్కొని ఒక ఆటో వచ్చింది. "ఎక్కుతవా అన్నా? ముందల రోడ్డు పని నడుస్తుంది, ఎర్రమట్టి పోసిన్రు. నేను కాలువ కట్ట మీదికెళ్లి తీస్కపోతా" అన్నడు డ్రైవర్. నేను ఆకాశం దిక్కు చూసిన. దేవుడు ఏం అనలే. ఎక్కి కూసున్న.

రాత్రి ఆగాల్సిన ఊరి బయట దిగి పత్తి చేన్ల దాక్కున్న. మనోళ్లు వస్తె మెల్లగ వెనక కలిసిపోవాలని ప్లాను. గప్పుడు నా కాళ్లు చూసుకున్న. చాయ్ కాడ మంటకు నీళ్లు పోసుకున్న కదా, పెండ్లికొడుకు కాళ్లలెక్క తెల్లగున్నయి. ఇంక దొరికిపోతనని తెల్సింది. ఎందుకంటే ఈ యాత్రల ఒక పద్ధతుంది. సాయంత్రం ఊర్ల ఆగంగనే పెద్దోళ్లు చిన్నోళ్ల కాళ్లు కడుగుతరు, ఏసు శిష్యుల కాళ్లు కడిగినట్టు. మా ఇంట్ల పెద్ద ఎవరు? అత్తమ్మ. ఇంకేం, చేనుకు నీళ్లు పారిన కాడ రేగడి మట్టి తీసి పిక్కల దాకా పూసుకున్న. వేళ్ల సందుల సుత పెట్టిన. ఎండినంక చూసుకొని, శెభాష్ శామ్యూలూ అనుకున్న.

ఆ ఊరి గుడి ముందల అందరం బెంచీల మీద కూసున్నం. బకెట్లల్ల పసుపు నీళ్లు. అత్తమ్మ కొంగు దోపుకొని స్టెల్లా కాళ్లు కడిగింది, నా ముందలికొచ్చి కూసున్నది. గప్పుడు నేను బెంచీ పొడవునా చూసిన. అందరి కాళ్లు ఎర్రగ, కుంకుమల ముంచినట్టున్నయి. నడిమధ్యల నాయి రెండు నల్లగ, బర్రె చెరువుల దిగొచ్చినట్టున్నయి.

అత్తమ్మ కాళ్లు చూసింది. నన్ను చూసింది. స్టెల్లా దిక్కు మాత్రం చూడలే. పక్కనోళ్లు సుత జపం ఆపి వంగి చూస్తున్నరు. ఇంక దాచేదేముంది, నోటికొచ్చింది అనేసిన, "మరియతల్లి సుత బెత్లెహేముకు గాడిద మీదనే పోయిందంటరు కదా అత్తమ్మా. నేను ఆటోల వస్తె ఏందట?"

అత్తమ్మ చెంబు కింద పెట్టింది.

"ఆమె నెలలు నిండిన మనిషి. నీకు ఎన్నో నెల, శామ్యూలూ?"

బెంచీలు ఊగిపోయినయి. ఒక ముసలమ్మ నవ్వలేక నవ్వలేక గోడ పట్టుకున్నది. నేను మాత్రం పొట్ట మీద చెయ్యి పెట్టుకొని, సిగ్గుల సుత ఒక్కటే అనుకున్న: నా పేరు పిలిచింది.

తెల్లారి పూజ కంటె ముందే లేపింది. "యాత్రల వదిలిన ముక్క వదిలినట్టే ఉండొద్దు, నడువు" అన్నది. మిగిలినోళ్లను ముందల పొమ్మని, మళ్లా ఆటో ఎక్కుతనేమోనని తోడు తనే వచ్చింది. నేను ఆటో ఎక్కిన చాయ్ హోటల్ దాకా పోవుడు నడకనే, వచ్చుడు నడకనే. ఎగ్గొట్టింది ఒక్కసారి, నడిచింది రెండుసార్లు. తొవ్వ పొడవునా అత్తమ్మ నోరు ఆగలే. పెళ్లి బిర్యానిల ఉప్పెక్కువైన కాడికెళ్లి మా పాస్టర్ ప్రసంగం ఎంత సాగిందో ఆ దాకా, మూడేండ్లది అంత బయటికొచ్చింది. ఊర్లకొచ్చినంక నా ఎర్ర కాళ్లు చూసి, "ఇప్పుడు మనిషివైనవ్, పా, చాయ్ తాగుదం" అన్నది. నిజంగ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. సగం కాళ్ల నొప్పికే అనుకోండి.

ఇప్పుడు ఆమె స్టెల్లాకు ఫోన్ చేస్తలేదు. డైరెక్ట్ నాకే చేస్తది. పొద్దున ఒకసారి, ఆఫీస్ల మీటింగ్ నడుస్తుంటె ఒకసారి. "ఎన్నో నెల నడుస్తుంది శామ్యూలూ?" అంటది. "ఏడో నెల అత్తమ్మా, డాక్టర్ నడవమంటుండు" అంట. ఏం చేస్త, పొట్ట నాదే, ఆటో ఎక్కింది సుత నేనే.