కూజాతో రైలెక్కినవాడు

ఖరగ్‌పూర్‌లో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, ఆదివారం వస్తే మేమంతా సైకిళ్ళేసుకుని సినిమాకో, ప్రేమ్ బజార్‌లో టీ కొట్టుకో పోయేవాళ్ళం. నా గదిలో ఉండే శ్రీకాకుళం అతను మాత్రం స్టేషన్‌కి పోయేవాడు. మధ్యాహ్నం మద్రాసు వైపు వెళ్ళే బండి ఆగగానే కిటికీల దగ్గరికి వెళ్ళి, "తెలుగోళ్ళా? నీళ్ళు కావాలేటి?" అని అడిగి, వాళ్ళ కూజాలు కుళాయి దగ్గర నింపి తెచ్చేవాడు. అదే అతని కాలక్షేపం. మేం నవ్వుకునేవాళ్ళం.

ఒక వేసవి ఆదివారం ఏమీ తోచక నేనూ వెంట వెళ్ళాను. మర్నాడు పొద్దున్నే మాకు పరీక్ష. ఇద్దరు పసిపిల్లలతో ఉన్న ఒకావిడ కూజా ఇచ్చింది. కుళాయి దగ్గర జనం. అతను నింపేసరికి బండి కదిలి, ఆవిడ పెట్టె ముందుకు వెళ్ళిపోయింది. అతను పరుగెత్తి, కూజాతో సహా చివరి పెట్టె ఎక్కేశాడు.

తర్వాతి స్టేషన్‌లో దిగి ఆవిడకి కూజా అందించాడట. టికెట్ లేదని అక్కడే ఆపేశారు. గదికి వచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నం. పరీక్ష అయిపోయింది.

"నీకు బుద్ధుందా?" అన్నాను.

"కూజా నా సేతిలో ఉండిపోనాదిరా. పిల్లలు దాహంతో ఉన్నారు. ఏటి సేస్తాను?"

ప్రొఫెసరు పిలిచి కారణం అడిగితే, స్టేషన్‌కి వెళ్ళానని మాత్రమే చెప్పాడు. షికార్ల కోసం పరీక్ష ఎగ్గొట్టాడనుకుని ఆయన మళ్ళీ రాయనివ్వలేదు. అతనికి ఏడాది పోయింది.

ఆ మాటలు జరుగుతున్నప్పుడు నేను గుమ్మం బయటే ఉన్నాను. లోపలికి వెళ్ళి, నా కళ్ళతో చూసింది చెప్పి ఉండవచ్చు. నన్నెవరూ అడగలేదు కదా అని ఊరుకున్నాను.