మూడు గాట్ల మోత

నా పెనిమిటికి అన్న, అంటే మా బావ, జన్మలో బుర్ర పెట్టి చేసిన పని ఒక్కటే. మోటారు పొగగొట్టానికి మోత పెంచుకునే, తగ్గించుకునే ఏర్పాటు.

పెద్ద యుద్ధం ఇంకా మొదలుకాని రోజులు. హైదరాబాదు నుంచి ఆయన ఒక పాత మోటారు తెచ్చాడు. అది మరీ మెత్తగా నడిచేది. బీర్కూరు దారిలో పోతుంటే రైతులు తలెత్తకుండా నాట్లు వేసుకుంటూ ఉన్నారట. ఆ అవమానంతో ఆయనకు అన్నం సహించలేదు. పోనీ మోత పెంచుదామంటే తాలూక్దారు విడిది ముందు ఎట్లా? పెద్ద అధికారి డేరాలు వేసుకున్న చోట మనుషులు బండి దిగి, చెప్పులు చేత పట్టుకుని నడిచే కాలమది.

అందుకని గోడ మీద బొగ్గుతో బొమ్మ గీశాడు. ఇంజను పొగ చప్పుడు తగ్గించే డబ్బాలోకి పోకముందే గొట్టానికి ఒక చీలిక. దానికి మూత, మూతకు తీగ, తీగ కొసన డ్రైవరు కాలి దగ్గర ఇనుప పిడి. మూత తెరిస్తే ఊరు దద్దరిల్లుతుంది, మూస్తే అణిగిపోతుంది. పిడికి మూడు గాట్లు. కిందిది అధికారులకు, నడిమిది సాటి పటేళ్లకు, పైది రైతులకు. ఎవరికి ఎంత భయపడాలో, ఎవరిని ఎంత భయపెట్టాలో ఇనుములో కొలిచి పెట్టుకున్న మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. మా నాయన అరుగు మీద కూర్చోబెట్టి నాకు నాలుగక్షరాలు నేర్పాడు. ఆ భాగ్యం ఇచ్చిన దేవుడికి దండం. ఆ చదువులో ఈ కొలత లేదు.

గొట్టం అతికింది బజారులో మోటార్లు బాగుచేసే ఉస్తాద్. మోటారు నడిపేదీ అతనే.

"పటేల్ సాబ్, నా అసొంటోడు ఎదురొస్తే ఏ గాటు?" అని అడిగాడు నవ్వుకుంటూ.

"నువ్వు లోపల కూసుంటవు గద, నీకెందుకు ఫికర్?"

ఒకనాడు పొద్దున మా తోడికోడలికి నొప్పులు మొదలయ్యాయి. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నాకు ఈ ఇంట్లో దిక్కు ఆమే. మధ్యాహ్నానికి మంత్రసాని చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"బిడ్డ అడ్డం తిరిగింది, పటేలా. ఇగ నాతోని కాదు. బోధన్ దవాఖానకు తీస్కపోన్రి."

మోటారు వాకిట్లోనే ఉంది. అయితే ముందురోజు బావ రైతుల చేత తలెత్తించడానికి పోయి, పై గాటులోనే మోటారును కాలువ నీళ్లలో దింపించాడు. మసీ బురదా పట్టి మూత తెరుచుకునే ఉండిపోయింది. రుద్రూరు దాటాక మామిడితోపులో తాలూక్దారు డేరాలు.

"గీ మోతతోని దొర ముంగటకెల్లి ఎట్ల పోతం? ఎంతసేపట్ల సాఫ్ చేస్తవ్, ఉస్తాద్?"

"అంత ఇప్పాలె, పటేల్ సాబ్. పొద్దుగూకుతది."

"అయితే ఇప్పు."

లోపల అక్క అరుపు కూడా సన్నబడుతోంది. తమ్ముడి భార్య బావ ముందుకు రాదు, మాట్లాడదు. నేను తలుపు చాటున నిలబడి రాముణ్ణి తలుచుకుని మొదటిసారి నోరు తెరిచాను.

"బావా, మీరు రాకున్నా మంచిదే. మోటరు ఇయ్యున్రి."

నలుగురూ విన్నారు. ఇక బావకూ రాక తప్పలేదు. వెనక అక్క తల నా ఒడిలో, ముందు ఆయన. మామిడితోపు కనబడగానే బావ ఉస్తాద్ భుజం పట్టుకున్నాడు.

"జర మెల్లగ చెయ్, నేను దిగుత. గట్టు మీద నడ్సి ఆవలికొస్త, ఆడ ఎక్కించుకో."

కండువా తలకు చుట్టుకుని, కాలువ గట్టు వెంట వంగి వంగి పోయాడు. పెళ్లాం చావుబతుకుల్లో ఉంటే తన ముఖం దాచుకున్నాడు. మోటారు ఉరుముతూ డేరాల ముందు నుంచి పోయింది. ఎవరో చాలా పెద్దవాడు వస్తున్నాడనుకుని బంట్రోతులు గబగబా లేచి, ఖాళీ సీటుకు సలాం కొట్టారు.

తోపు దాటాక ఉస్తాద్ వెనక్కి తిరిగాడు.

"ఆగాల్నా, చెల్లె? ఆగితే ఇంజన్ బంద్ అయితది. మల్ల షురూ అయితదో లేదో."

అక్క పెదవులు నల్లబడ్డాయి.

"ఆగకు," అన్నాను. ఆ పాపం నాదే అయితే నాదే.

దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ దక్కింది. ఉస్తాద్ మెట్ల మీద కూర్చుని అల్లాకు, నేను వరండాలో రాముడికి మొక్కుకున్నాం.

పొద్దువాలే వేళ బావ చెరకుబండి దిగి వచ్చాడు. మోకాళ్ల దాకా బురద. నా వైపు చూడకుండా ఉస్తాద్‌ను అడిగాడు.

"డేరాల కాడ ఎవలన్న ఏమన్నరా?"

"ఏమంటరు? లేసి సలాం కొట్టిన్రు."

ఆయన ముఖం విప్పారింది. "దొర గూడ లేసిండా?"

"అక్క బతికింది, బావా," అన్నాను. ఈసారి తలుపు చాటు లేదు. "ఆడపిల్ల."

"ఆఁ, మంచిది," అని మళ్లీ ఉస్తాద్ వైపు తిరిగాడు. "ఎంతమంది లేసిన్రు?"