టెంప్లేట్‌లకెల్లి నేను తీసిన లైన్

ఏండ్ల సంది గిది నా ఛాతీ మీద బండ లెక్క కూసున్నది. నా భార్యకు చెప్పలే, దోస్తులకు చెప్పలే. నీకెందుకు చెప్తున్న? నువ్వెవరో నాకు తెల్వది కాబట్టి. జాలి మాత్రం పడకు. జాలి అంటె నాకు మంట.

నిజామాబాద్‌ల మాదొక చిన్న ఆఫీసు. రైస్‌మిల్లుల కాంటాలకు సాఫ్ట్‌వేర్ చేసిస్తం. వడ్ల ట్రాక్టర్ కాంటా ఎక్కితె నిండు తూకం, వడ్లు దించినంక ఖాళీ తూకం, రెండిటి తేడా చీటీ మీద వస్తది. కొత్త మిల్లు దొరికితె పాత మిల్లు ఫోల్డర్ కాపీ కొట్టి, ఫైళ్లన్నిట్ల పేరు మార్చుడు నా పని. ఒకసారి మర్చిపోతె రెంజల్ మిల్లు చీటీ మీద మాక్లూర్ మిల్లు పేరొచ్చింది. అయినా ఆఫీసుల నేనే ఉస్తాద్‌ను. ఆఫీసు నడిపే సేటు ఏదున్నా నన్నే అడుగుతుండె.

గప్పుడొచ్చిండు సాంసన్. బోధన్ దిక్కు మెథడిస్టు చర్చి కుటుంబం. వాళ్ల అమ్మ, బాపు చెరుకు తోటలల్ల కూలికి పోయి చదివిచ్చిండ్రు. ఆ ఇంట్ల ఆఫీసు కుర్చీల కూసున్నది వాడొక్కడే. వచ్చిన కొన్నాళ్లకే ఒక టూల్ రాసిండు. నల్ల స్క్రీన్ మీద ఒక్క కమాండ్ కొడ్తె మిల్లు పేరేంది, ఊరేంది, కాంటా ఏ కంపెనీది అని అడుగుతది. చెప్పంగనే టెంప్లేట్‌లు, అంటె నమూనా ఫైళ్లు, వాటికెల్లి ఆ మిల్లు ఫైళ్లన్ని తయారు చేసి పెడ్తది. చాయ్ చల్లారకముందే నా పని ఖతం. సేటు అందరి ముంగట నవ్వుకుంట, ఇగ నీకేం పనుంది అన్నడు. ఆ మాట నేను మర్వలే.

పైంగ వానికి నా మీద గౌరవమొకటి! టెంప్లేట్‌లు నువ్వే సూస్కో అన్నా అని నా చేతులనే పెట్టిండు. ఒకనాడు టెస్టింగ్ చేస్తున్న. ప్రతిసారి ఖాళీ తూకం కొట్టుడు విసుగొచ్చి, ముందటి బండి ఖాళీ తూకాన్ని తుడిచేసే లైన్ టెంప్లేట్‌లకెల్లి తీసేసిన; పాత తూకం ఉంటె సాఫ్ట్‌వేర్ కొత్తది అడగది. మళ్ల పెట్టుడు మర్చిపోయిన. నిజంగ మర్చిపోయిన్నా? ఆ దినం, అవును. తెల్లారి ఆ లైన్ లేనిది కండ్లవడ్డది. చెయ్యి కీబోర్డు మీదికి పోయింది గూడ. ఆగింది. ఎందుకాగింది? వాని టూల్‌తోనే వాడు మునగాలె అని.

ఇగ ఏ మిల్లుకు కమాండ్ కొట్టినా నా పాపం దాంట్లకు పోయింది. లారీ ఎనుక ట్రాక్టర్ వస్తె, ట్రాక్టర్ నిండు తూకంల లారీ ఖాళీ బరువు తీసేసి, వడ్లు తక్కువ చూపెట్టుకుంట చీటీ వచ్చింది. రెంజల్‌ల ఇంకో కొత్త మిల్లు కాడ రైతులు దొంగ కాంటా అని ఆపరేటర్ కాలర్ వట్టిండ్రు. టూల్ రాసింది వీడే గదా అని సేటు సాంసన్‌ను నిలవెట్టి ఇజ్జత్ తీసిండు. వాడు నా దిక్కు తిరిగిండు.

"అన్నా, టెంప్లేట్‌లల్ల నువ్వేమన్న మార్చినవా?"

"నేనెందుకు మారుస్త తమ్మీ? నువ్వు రాసిందే ఉన్నది."

"అవునన్నా. నేనే ఏడనో గల్తీ చేసిన్నేమో."

గదే! నన్ను అనుమానిస్తె బాగుంటుండె. నాలుగు తిడ్తె బాగుంటుండె. నమ్మిండు, బద్మాష్. గిప్పటికీ నాకు గదే కోపం. వాని మీదనా, నా మీదనా? తెల్వది.

సేటు వాన్ని తీసేసిండు. లైన్ నేనే మళ్ల పెట్టి శభాష్ అనిపించుకున్న. రైతుల వడ్లు మింగినోడని మిల్లులన్నిట్ల పేరు పాకి, వానికి ఇంకేడ పని దొరకలే. బోధన్‌ల సెల్‌ఫోన్లు బాగు చేస్తుండు. వాని టూల్ మాత్రం నేను రోజూ నడుపుతున్న. అటు పోయినప్పుడల్ల పిలిచి చాయ్ తాపిస్తడు. మళ్ల కోడ్ జోలికి పోలే అన్నా అంటడు. నేను తలకాయ ఊపి చాయ్ తాగి వస్త. సిగ్గు లేదా అంటవా? అనుకో. నేను అనుకోందేం కాదు.

మాఫీ అడుగుతలేను. అది నువ్విచ్చేటిది గాదు. లైన్ తీసింది నేను. చూసి గూడ పెట్టంది నేను. గీ మాట బయటవడ్డంక గింత ఊపిరాడుతున్నది. సాంసన్ మాత్రం ఇంకా తనదే గల్తీ అనుకుంటున్నడు.